శుక్రవారం తలపోటు

తలంటు పోసుకున్న రోజున తలపోటు రావడం మా ఇంట్లో మూడు తరాలుగా వస్తున్న ఆస్తి. మామ్మ దాన్ని పైత్యం కింద జమకట్టేది. "పైత్యం రేగిపోనాదే నీకు, ఓపాలి కక్కీ, తగ్గిపోద్ది" అనేది. అమ్మ దిష్టి అనుకుని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసేది. నాకొచ్చేసరికి డాక్టరు గారు మైగ్రేన్ అని రాసిచ్చారు. మామ్మ మాటను మరీ తీసిపారెయ్యడానికి లేదు. వాంతి అయ్యాక నొప్పి దిగిపోవడం ఈ జబ్బున్న చాలామందికి తెలిసిన సంగతే.

ఇంగ్లీషు పుస్తకాల్లో మైగ్రేన్‌ను రేపే వాటి జాబితా తీస్తే ముందు వరసలో రెడ్ వైన్, పాత చీజ్, చాక్లెట్ కనిపిస్తాయి. విజయనగరం కోట వెనక కాపురముంటున్న ఇల్లాలికి రెడ్ వైన్‌తో ఏం పని? ఆవిడకి పనికొచ్చే ముక్క ముంబయి నుంచి వచ్చింది. కె. రవిశంకర్ అనే వైద్యుడు 2006లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో, తలంటుతో మైగ్రేన్ వస్తున్న 94 మంది భారతీయుల గురించి రాశారు. ఆ సంగతి తెలిసిన రోజున అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "అదేదో నన్నడిగుంటే ఎప్పుడో సెప్పీదాన్ని కదా" అంది.

అయితే నేరమంతా తలంటు మీదికి నెట్టెయ్యడం తొందరపాటు. శుక్రవారం పొద్దున్న మన ఇళ్ళల్లో జరిగేది వరసగా చూడండి. లేస్తూనే కుంకుడు రసం, వేడినీళ్ళు. పూజ అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టరు. రోజూ ఆరింటికల్లా టీ పడే ప్రాణానికి తొమ్మిది దాటినా చుక్క పడదు, దాంతో కెఫీన్ అందని తలనొప్పి ఒకటి వేరే మొదలవుతుంది. తడి జుట్టు ముడేసుకుని అగరొత్తుల పొగలో, సాంబ్రాణి ధూపంలో కూర్చోవడం. ఆ పైన జుట్టు ఆరబెట్టుకోవడానికి డాబా ఎక్కి ఎండలో నిలబడడం. తడి, ఆకలి, టీ లేమి, పొగ, ఎండ అన్నీ రెండు మూడు గంటల్లోనే మీద పడ్డాయి. పన్నెండింటికి కణత పోటెత్తితే అందులో ఎవరి వాటా ఎంతో ఎలా తెలుస్తుంది?

ఒక్కొక్కటే మార్చి చూస్తే తెలుస్తుంది. మైగ్రేన్‌తో బతకడంలో నేర్చుకోవలసిన విద్య ఏదైనా ఉంటే ఇదే. అన్నీ ఒకేసారి మానేస్తే నొప్పి తగ్గవచ్చు గానీ దేనివల్ల తగ్గిందో తెలియదు. అనవసరంగా పది సుఖాలు పోగొట్టుకుని కూర్చుంటాం. నేను ముందుగా పూజకి కూర్చునే ముందే టీ తాగి, రెండు ఇడ్లీలు తినడం మొదలుపెట్టాను. దేవుడు ఏమీ అనలేదు, మా అత్తగారు అన్నారు. కొన్నాళ్ళు పోయాక తలంటును శనివారం మధ్యాహ్నానికి మార్చి, ఫ్యాను కింద జుట్టు వెంటనే ఆరబెట్టుకున్నాను. సాంబ్రాణి మాత్రం అలాగే ఉంచాను. నా విషయంలో పెద్ద వాటా ఖాళీ కడుపుది, ఆ తరవాతిది తడి జుట్టుది. సాంబ్రాణికి ఏ పాపమూ తెలియదు. పలాసలో నాకు తెలిసిన ఒకావిడకి ఈ లెక్క పూర్తిగా తిరగబడింది. ఉపవాసాలు ఎన్నయినా ఉంటుంది గానీ జీడిపిక్కలు కాల్చే వాసన ముక్కుకి తగిలితే ఆ పూటకి మంచం ఎక్కుతుంది. అందుకే ఒకరి జాబితా ఇంకొకరికి పనికిరాదు. ఎవరి పుస్తకం వాళ్ళే రాసుకోవాలి.

ఆ పుస్తకం నిజంగా పుస్తకమే కానక్కర్లేదు, గోడ మీది క్యాలెండర్ చాలు. నొప్పి ఎన్నింటికి మొదలైంది, ముందు రాత్రి నిద్ర ఎంత, ఏ పూట తిండి ఎన్నింటికి, ఎండలో ఎంతసేపు, ఏ బిళ్ళ వేసుకున్నాం. ఆడవాళ్ళు చాలామంది రాయకుండా వదిలేసేది నెలసరి తేదీ. గోడ క్యాలెండర్ మీద ఎలా రాస్తామని మొహమాటం. ఏదో ఒక గుర్తు పెట్టండి గానీ వదిలెయ్యకండి. నెలసరి ముందు ఈస్ట్రోజన్ పడిపోవడమే చాలామందికి పెద్ద ట్రిగర్. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో మైగ్రేన్ రెండు మూడు రెట్లు ఎక్కువగా ఉండడానికి ముఖ్య కారణమూ హార్మోన్లే అంటారు. కర్ణాటకలో పెద్దవాళ్ళ మీద చేసి, 2015లో ప్రచురించిన సర్వేలో ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చినవాళ్ళు దాదాపు నలుగురిలో ఒకరు తేలారు. మన ఉత్తరాంధ్ర జిల్లాలు అందుకు తక్కువ తింటాయని నేను అనుకోను.

ఈ క్యాలెండర్ లెక్కలో ఒక మెలిక ఉంది. ఒడిశా కొండల్లో వాన పడితే శ్రీకాకుళంలో ఎండ కాస్తుండగానే నాగావళికి వరదొస్తుంది. వంతెన మీద నిలబడినవాడికి నీళ్ళే కనిపిస్తాయి, వాన కనిపించదు. మైగ్రేన్ కూడా నొప్పి తెలియడానికి చాలా గంటల ముందే, ఒక్కోసారి ముందు రోజే, మెదడులో మొదలైపోతుంది. ఊరికే ఆవలింతలు, మెడ పట్టెయ్యడం, చిరాకు, తీపి మీదికి మనసు పోవడం. ఆ మనసు ఆపుకోలేక చాక్లెట్ తింటాం. రెండు గంటల్లో తల పగిలిపోతుంది. చాక్లెట్ వల్లే వచ్చిందని రాసుకుంటాం. నిజానికి చాక్లెట్ తినిపించినదే రాబోయే మైగ్రేన్ కావచ్చు. వెలుతురు కూడా అంతే. ఎండ కంట్లో గుచ్చుకోవడం వల్ల నొప్పి వచ్చిందా, నొప్పి రాబోతోంది కాబట్టి ఎండ గుచ్చుకుందా అన్నది ఒక్క రోజుని చూసి తేల్చలేం. కొన్ని నెలల క్యాలెండర్ కాగితాలు పక్కపక్కన పెడితే కొంత తేలుతుంది.

ఎండ మాత్రం మన ప్రాంతంలో గట్టి అనుమానితురాలే. సుశ్రుతుడు చెప్పిన పదకొండు శిరోరోగాల్లో సగం తలని పట్టే అర్ధావభేదకంతో పాటు సూర్యావర్తం ఉంది. పొద్దు ఎక్కేకొద్దీ పెరిగి, వాలేకొద్దీ తగ్గే తలనొప్పి అది. అరసవల్లి సూర్యనారాయణస్వామి ఉన్న జిల్లాలో పుట్టి ఆయన వెలుగుకే జడవడం ఇబ్బందిగానే ఉంటుంది, కానీ రథసప్తమి క్యూలో గంటల తరబడి నిలబడే శక్తి నాకు లేదు. దండం ఇంట్లోంచే. వేసవిలో గొడుగు, వెడల్పాటి టోపీ, నల్ల కళ్ళద్దాలు పని చేస్తాయి. చిన్న ఊళ్ళో నడివయసు ఆడమనిషి నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటే "ఏటమ్మా, సినిమాకేటి?" అని అడుగుతారు. అడగనివ్వండి.

తుపాన్ల సంగతి అంత తేలిగ్గా చెప్పలేను. గాలిలో ఒత్తిడి పడిపోతే మైగ్రేన్ వస్తుందని చాలామంది రోగులు నమ్ముతారు. పరిశోధనలు అటూ ఇటూగా ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు నాకు తెలిసిన మైగ్రేన్ మనుషులంతా పడకేశారు. కానీ ఆ రాత్రి ఎవరు నిద్రపోయారు గనక? తరవాత రోజుల తరబడి కరెంటు లేదు, వేళకి తిండి లేదు, కొబ్బరితోటలు నేలమట్టమైన దిగులు. అందులో గాలి ఒత్తిడి వాటా ఎంతో విడదీయగలిగినవాళ్ళెవరు?

ఈ జబ్బుకి రక్తపరీక్షలో కనిపించే గుర్తు లేదు, స్కాన్‌లోనూ సాధారణంగా ఏమీ దొరకదు. అందుకని మన మాటకి విలువ ఉండదు. తలనొప్పికి సెలవేమిటని ఆఫీసులో నవ్వుతారని సెలవు చీటీలో జ్వరం అని రాస్తాం. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు ఊరు ఊరంతా మూడు లాంతర్ల కూడలి దగ్గర ఉంటే, డప్పులు వినలేక తలుపులు బిగించుకున్న కోడలిని చూసి పైడితల్లి మీద భక్తి లేదంటారు. 2019 లెక్కల్లో, ప్రపంచంలో మనుషుల్ని ఏళ్ళ తరబడి పనికి దూరం చేసే జబ్బుల్లో మైగ్రేన్‌ది రెండో స్థానం. యాభై లోపు ఆడవాళ్ళలో అయితే మొదటిదే.

ఇక ఉపశమనం. తెలుగు పత్రికలవాళ్ళం తలనొప్పికి కాస్త రుణపడి ఉన్నామని ఇక్కడ చెప్పుకోవాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. దాని మీద వచ్చిన డబ్బు అండగానే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. ఆ పసుపురంగు డబ్బా నాకు మాత్రం పడదు. పోటు ఎక్కాక ఏ ఘాటు వాసనయినా వాంతి తెప్పిస్తుంది. మా మామ్మ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేది. ఆవిడ నోట్లో అడ్డపొగ చుట్ట ఉండేది కాబట్టి శొంఠి చేసిన మేలు చుట్ట కంపు చెడగొట్టేది. చీకటి గది, తడిగుడ్డ, నిద్ర మాత్రం తరాలు మారినా పనిచేస్తూనే ఉన్నాయి.

అవి చాలనప్పుడు బిళ్ళ. నేను ఇవాళ ముఖ్యంగా చెప్పదలచుకున్నది దాని గురించే. "తలనొప్పికి రెండు బిళ్ళలియ్యి బాబూ" అంటే మందుల షాపులో అట్ట కత్తిరించి ఇచ్చేస్తారు. ఈ నెలలో ఇది ఎన్నోసారి అని అడిగేవాడు లేడు. మామూలు నొప్పి బిళ్ళ నెలకి పదిహేను రోజులు, రెండు మూడు మందులు కలిపిన బిళ్ళలు గానీ ట్రిప్టాన్లు అనే మైగ్రేన్ బిళ్ళలు గానీ పది రోజులు, ఇలా మూడు నెలలు దాటి వాడితే ఆ బిళ్ళలే రోజువారీ తలనొప్పిని తయారు చేస్తాయి. పొద్దున్నే నొప్పితో లేవడం, బిళ్ళ వేసుకోవడం, సాయంత్రానికి మళ్ళీ రావడం. ఆ నొప్పికి మందు ఆ బిళ్ళ మానడమే. డాక్టరు పర్యవేక్షణలో మానాలి, ఎందుకంటే మొదటి రోజులు నరకం.

శ్రీకాకుళం జిల్లా మనిషికి ఇంకో భయం కూడా ఉండాలి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస: ఉద్దానం ఊళ్ళల్లో కిడ్నీ జబ్బు లేని వీధి వెతకాలి. దాని మూలకారణం ఇప్పటికీ ఇదమిత్థంగా తేలలేదు. నీరు, వేడి, పురుగుమందులు, నొప్పి బిళ్ళలు అన్నీ అనుమానాల జాబితాలో ఉన్నవే. మూలం ఏదైనా, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీని దెబ్బతీయగలవన్నది అనుమానం కాదు. ఒంట్లో నొప్పిని పెంచే రసాయనాలే కిడ్నీకి రక్తం సాఫీగా అందేలా కూడా చూస్తాయి. బిళ్ళ వాటిని ఆపేస్తుంది. ఒంట్లో నీరున్నప్పుడు కిడ్నీ దాన్ని కొంత తట్టుకుంటుంది. జీడితోటలో పొద్దస్తమానం పనిచేసి చెమటకి ఎండిపోయిన మనిషిలో తట్టుకోలేదు. ఎండకి తలపోటు వచ్చేదీ, దానికి బిళ్ళ మింగేదీ సరిగ్గా అప్పుడే. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి, మంచిదే. ఆ పడక అవసరం రాకుండా చూసుకునే పని మాత్రం మందుల షాపు గడప దగ్గరే మొదలవ్వాలి.

నెలకి నాలుగుసార్లకి మించి మంచాన పడేవాళ్ళకి నొప్పి రాకముందే అడ్డుపడే మందులున్నాయి. ప్రొప్రనొలాల్, ఎమిట్రిప్టిలిన్, టోపిరమేట్ లాంటివి, ఖరీదు తక్కువే. ప్రొప్రనొలాల్ ఆస్తమా ఉన్నవాళ్ళకి పనికిరాదు, టోపిరమేట్ గర్భిణులకి కూడదు, కాబట్టి డాక్టరే ఎంచాలి. అన్నిటికంటే పెద్ద అడ్డంకి చుట్టాలు. "ఇది గుండె మందు కదా", "ఇది పిచ్చి మందు కదా" అని ఎవరో అంటారు, వారంలో మానేయిస్తారు. వీటి గుణం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మైగ్రేన్ నొప్పిని రేపడంలో సీజీఆర్‌పీ అనే పదార్థం పాత్రను తేల్చి కొత్త ఇంజెక్షన్లకు దారి వేసిన నలుగురు శాస్త్రవేత్తలకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ దక్కింది. ఆ ఇంజెక్షన్లు ఇంకా మన జేబుకి అందేలా లేవు.

ఉన్నట్టుండి జీవితంలో ఎన్నడూ ఎరగనంత నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మాట తడబడి చేయీ కాలూ చచ్చుబడినా, యాభై దాటాక తలనొప్పి కొత్తగా మొదలైనా క్యాలెండర్ పక్కన పెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి. మిగతావాళ్ళు ఈ నెల ఒక్కటి ఓపిక పట్టండి. ఎండ, ఉపవాసం, తలంటు ఇవేవీ రాయడం కుదరకపోయినా సరే, నొప్పి బిళ్ళ వేసుకున్న ప్రతి రోజు తేదీ చుట్టూ ఒక సున్నా చుట్టండి. నెలాఖరుకి సున్నాలు పదికి చేరితే ఆ కాగితం చింపి, మడత పెట్టి, షాపుకి కాకుండా డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి.