ప్రాచీన సుమేరు మతం – ప్రాథమిక పాఠశాల బోధన: కథనం, అనుసరణ, తెలుగు నుడికారం

వ్యాససంగ్రహం:

ఇంగ్లండు ప్రాథమిక విద్యాప్రణాళికలో ప్రాచీన సుమేరు ఒక ఐచ్ఛిక పాఠ్యాంశం. ఈ పాఠంలో మతాన్ని దేవతల పట్టికగానో, గిల్గమేష్ ఇతిహాసానికి సంక్షిప్తరూపంగానో చెప్పే ధోరణి ఉంది. ఈ రెండు పద్ధతుల పరిమితులను ఈ వ్యాసం చర్చిస్తుంది. సుమేరు మతసాహిత్యంలో అధికభాగం ప్రాచీన బడిపిల్లల ప్రతుల ద్వారానే మనకు దక్కింది. కాబట్టి ఆ రచనలే బాలల బోధనకు ఆధారం కావాలని ప్రతిపాదిస్తూ, వాటిని తెలుగులో చెప్పేటప్పుడు ఎదురయ్యే భాషాసమస్యలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సుమేరు, మతసాహిత్యం, బాలసాహిత్యం, అనుసరణ, నిప్పుర్, నిసబ, తెలుగు కథనశైలి.

1. ఉపోద్ఘాతం:

2014 నుండి అమలులో ఉన్న ఇంగ్లండు జాతీయ విద్యాప్రణాళికలో 7 నుండి 11 ఏళ్ళ పిల్లల చరిత్ర పాఠాల్లో తొలి నాగరికతల అధ్యయనం ఒక భాగం. సుమేరు, సింధులోయ, ఈజిప్టు, చైనాలోని షాంగ్ వంశం అనే నాలుగింటిలో ఒకదానిని లోతుగా బోధించాలి. సుమేరును ఎంచుకున్న బడిలో చదివే తెలుగుపిల్ల ఆ పాఠాన్ని ఇంటికి తెస్తుంది. అక్కడ దాని గురించి మాట్లాడవలసింది తెలుగులోనే. అప్పుడు ఆ పిల్ల అడగగల మొదటి ప్రశ్న చాలా చిన్నది: “ఆ దేవుళ్ళు ఇప్పుడేమయ్యారు?”

ఈ ప్రశ్నకు “అవన్నీ కట్టుకథలు” అని సమాధానం చెప్పడం తేలిక. కానీ ఇంట్లో రోజూ దీపం వెలిగించడం చూసే పిల్ల ఆ మాటను అక్కడితో వదిలిపెట్టదు. “అవీ మన దేవుళ్ళే, పేర్లు వేరు” అనడం ఇంకా తేలిక. అది సుమేరీయుల మతాన్ని వారి దగ్గర నుండి తీసేసుకోవడమే అవుతుంది. ఈ రెండింటికీ లొంగని సమాధానం కావాలంటే ముందుగా పాఠం స్వరూపం మారాలి.

2. పట్టికగా మారిన మతం:

విద్యాప్రణాళిక తొలి నాగరికతల ‘విజయాల’ను బోధించమంటుంది. చక్రం, లిపి, నీటిపారుదల ఈ చట్రంలో చక్కగా ఇమిడిపోతాయి. మతం ఇమడదు. అందువల్ల దానిని ఒక పట్టికగా కుదించడం జరుగుతుంది: అన్ ఆకాశదేవుడు, ఎన్లిల్ గాలిదేవుడు, ఎన్కి నీటిదేవుడు, నన్న చంద్రుడు, ఉతు సూర్యుడు, ఇనన్న ప్రేమకూ యుద్ధానికీ దేవత. దాని కింద జిగ్గురాత్ బొమ్మ.

ఈ పట్టికలో అబద్ధమేమీ లేదు. అయితే సుమేరు మతానికి ప్రాణమైన స్థలసంబంధం ఇందులో లేదు. ఎన్లిల్ అంటే నిప్పుర్ నగరం, అక్కడి ఎకూర్ ఆలయం. ఎన్కి అంటే ఎరిదు, భూమి అడుగున మంచినీరు నిండిన అబ్జు. నన్న అంటే ఉర్. ఇనన్న అంటే ఉరుక్ నగరంలోని ఎఅన్న. ఈ ఆలయాల పేర్ల మొదట వినిపించే ‘ఎ’ అనే పదానికి సుమేరు భాషలో ఇల్లు అని అర్థం. గుడి అంటే దేవుడు కాపురముండే ఇల్లు. మన ‘కోవెల’ అనే మాటలోనూ ఇల్లు దాగివుంది కనుక తెలుగు పిల్లలకు ఈ భావన వెంటనే అందుతుంది.

‘మెసొపొటేమియా మతం’ అనే పుస్తకాన్ని అసలు రాయకూడదని లియో ఒపెన్‌హైమ్ 1964లో వాదించాడు. మిగిలిన ఆధారాల స్వభావం, మనకూ ఆ ప్రజలకూ మధ్య ఉన్న భావనాపరమైన దూరం ఆయన చూపిన కారణాలు. 1976లో థార్కిల్డ్ జేకబ్సన్ ఇందుకు భిన్నంగా, దైవాన్ని పోషకునిగా, పాలకునిగా, తల్లిదండ్రులుగా భావించిన మూడు దశలను ఆ సాహిత్యం నుండే పునర్నిర్మించాడు. బాలల పాఠానికి ఈ ఇద్దరి నుండీ నేర్చుకోవలసినది ఉంది. ఒపెన్‌హైమ్ హెచ్చరిక పట్టికను అనుమానించమంటుంది. జేకబ్సన్ పద్ధతి కవిత్వాన్ని ఆధారంగా తీసుకోమంటుంది.

3. సుమేరు కథా? అక్కదు కథా?

పట్టికను దాటి కథ దగ్గరకు వచ్చిన ఉపాధ్యాయులకు అందుబాటులో ఉండేది ఎక్కువగా గిల్గమేష్ కథ. లుద్మిలా జెమాన్ రచించి, బొమ్మలు గీసిన మూడు పుస్తకాలు (1992, 1993, 1995) బాలసాహిత్యంలో ఎన్నదగినవి. వాటిలోని చిత్రాలు మెసొపొటేమియా శిల్పఫలకాలను గుర్తుచేస్తాయి. అక్కదు ఇతిహాసంలో ఎంకిదును తన దేహంతో లోబరచుకునే షమ్హత్‌ను జెమాన్ గాయనిగా మార్చింది. బాలల కోసం చేసిన ఈ మార్పును తప్పుపట్టనవసరం లేదు. పాట విని అడవిమనిషి మెత్తబడటం కథాతర్కానికి సరిపోతుంది.

విమర్శించవలసిన విషయం వేరొకటి. ఈ కథ ప్రధానంగా అక్కదు భాషలోని ఇతిహాసానికి చెందినది. దాని ప్రసిద్ధ పాఠం నినెవేలోని అషూర్బనిపాల్ గ్రంథాలయం నుండి, అంటే క్రీ.పూ. 7వ శతాబ్దపు ఫలకాల నుండి లభించింది. సుమేరు భాషలో గిల్గమేష్ గురించి ఉన్నవి విడివిడి కావ్యాలు. వాటిలో ఎంకిదు స్నేహితుడు కాదు, సేవకుడు. జలప్రళయాన్ని దాటినవాడు సుమేరు కథలో జియుసుద్ర, అక్కదు ఇతిహాసంలో ఉత్నపిష్తిమ్. సుమేరు ఇనన్న అక్కదులో ఇష్తార్.

పదేళ్ళలోపు పిల్లలకు ఈ తేడాలెందుకని అడగవచ్చు. ఒకే రాముని కథ ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్క తీరుగా వినిపిస్తుందని తెలుగుపిల్లలకు చిన్నప్పుడే తెలుసు. “మొదట ఎంకిదు నౌకరుగా ఉండేవాడు, తరవాత చెప్పినవాళ్ళు స్నేహితుణ్ణి చేశారు. ఎందుకు చేసి ఉంటారు?” అన్న ప్రశ్న ఎనిమిదేళ్ళ పిల్లలకు అందనిదేమీ కాదు. కథలు మారతాయనీ, మార్చేది మనుషులేననీ గ్రహించడం సాహిత్యవిద్యకు తొలిమెట్టు.

4. బడిలో నిలిచిన సాహిత్యం:

ఈ చర్చలో అన్నిటికంటె ముఖ్యమైన ఆధారం పురావస్తు తవ్వకాల్లో దొరికింది. 1951–52లో నిప్పుర్‌లో బయటపడిన ఒక చిన్న మట్టియిటుకల ఇంట్లో వందలకొద్దీ అభ్యాసఫలకాలు లభించాయి. పరిశోధకులు దానిని ‘ఎఫ్’ గృహమని వ్యవహరిస్తారు. అది క్రీ.పూ. 18వ శతాబ్దపు బడి. పాతఫలకాలను తడిపి, ఆ మట్టిని మళ్ళీ వాడుకునేందుకు కట్టిన తొట్టి కూడా అక్కడ ఉంది. అప్పటికి సుమేరు భాష ఇళ్ళలో మాట్లాడే భాషగా లేదు. అక్కదు మాట్లాడే పిల్లలు బడిలో సుమేరును చదివి, రాసి నేర్చుకునేవారు. సుమేరు సాహిత్యకృతుల్లో అధికభాగం ఇటువంటి విద్యార్థుల ప్రతుల్లోనే మిగిలింది.

వారు అభ్యసించిన పది కృతుల సముదాయాన్ని 1999లో స్టీవ్ టిన్నీ గుర్తించాడు. పండితులు దానిని ‘దశకం’ అనే అర్థమిచ్చే పేరుతో పిలుస్తున్నారు. ఉర్ నగరంలో నన్నదేవుని ప్రధానార్చకురాలైన ఎన్‌హెదుఅన్న పేరుతో నిలిచిన ఇనన్న స్తోత్రం, కేష్ ఆలయస్తుతి, ఎన్కి నిప్పుర్ యాత్ర, గిల్గమేష్–హువావ కథ ఇందులో ఉన్నాయి. వీటితోపాటు ‘పారపాట’ అనదగిన ఒక కృతి కూడా ఉంది. అందువల్ల సుమేరు మతసాహిత్యాన్ని పిల్లల దగ్గరకు తీసుకువెళ్ళడం కొత్త ప్రయోగం కాదు. అది ఒకప్పుడు పిల్లల చేతిలోనే ఉంది.

పారపాటలో ఎన్లిల్ ఆకాశాన్నీ భూమినీ వేరుచేసి, పారను తయారుచేసి, దానితో నేలను తవ్వుతాడు. ఆ నేల నుండి మనుషులు మొలకల్లా పైకి వస్తారు. అదే పార గుడి పునాది తీస్తుంది, పొలం తవ్వుతుంది, చివరకు మనిషిని పూడ్చే గోతినీ తవ్వుతుంది. సృష్టి, శ్రమ, ఆలయం, మరణం అన్నీ ఒక్క పనిముట్టు చుట్టూ తిరుగుతాయి. పారకు సుమేరు పదం ‘అల్’. ఆ శబ్దం వినిపించే పదాలను కవి వరుసగా ఏరి కూర్చి ఆడుకున్నాడు. భాష నేర్చుకునే పిల్లల కోసం దీనిని ఎందుకు ఎంచుకున్నారో ఊహించడం కష్టం కాదు.

తెలుగులో ఈ ఆటకు చక్కని వీలుంది. పార, పారు, పారించు, పారాడు, అపారం అంటూ పిల్లలే మాటలు వెతకగలరు. ఇది వ్యుత్పత్తి కాదు, శబ్దక్రీడ మాత్రమేనని చెప్పి ఆడించాలి. ఆ ఆట ముగిసేసరికి, ఒక శబ్దం ఎక్కడ వినిపించినా అక్కడ ఏదో సంబంధం ఉందని భావించిన మనస్సును వారు లోపలి నుండి చూస్తారు. దేవతల పట్టిక ఈ అనుభవాన్ని ఇవ్వలేదు.

5. తెలుగు కథనంలో సమస్యలు:

సుమేరు మతాన్ని తెలుగులో చెప్పబూనినప్పుడు మూడు ఎంపికలు తప్పవు.

మొదటిది క్రియ. “సుమేరీయులు నమ్మేవారు” అని ప్రతివాక్యానికీ తగిలిస్తే కథ చచ్చిపోతుంది. తగిలించకపోతే జరిగిన చరిత్రలా వినిపిస్తుంది. ఈ చిక్కుకు తెలుగు కథనంలోనే పరిష్కారం ఉంది. “ఎన్లిల్ ఆకాశాన్ని పైకెత్తాడట” అనే వాక్యంలోని ‘అట’ ఆ మాట ఇతరుల నుండి విన్నదని చెబుతుంది. చెప్పేవారు దానిని సమర్థించనూ లేదు, ఖండించనూ లేదు. మన అమ్మమ్మలు పురాణకథలకు వాడే రూపం ఇదే. స్వరం మారితే ‘అట’ ఎగతాళి కూడా కాగలదు. అందువల్ల తెలిసిన దేవుళ్ళ కథ చెప్పేటప్పటి స్వరంతోనే ఈ కథనూ చెప్పాలి.

రెండవది మర్యాద. “ఇనన్న పాతాళానికి దిగింది” అనాలా, “దిగారు” అనాలా? ఏకవచనంలో స్త్రీవాచకాలకూ పశుపక్ష్యాదులకూ తెలుగులో ఒకే క్రియారూపం ఉంది. అయినా “పార్వతి అడిగింది” అనడంలో మనకు అగౌరవం తోచదు. ఆ రూపమే ఇనన్నకూ చాలు. సుమేరు భాషలో స్త్రీపురుషభేదం లేదు. మనుషులు, దేవతలు ఒక వర్గం. తక్కినవన్నీ మరొక వర్గం. తెలుగు బహువచనంలోని ‘వారు–అవి’ భేదంతో దీనిని పోల్చి చూపవచ్చు. ఇది నిర్మాణంలోని పోలిక మాత్రమే. సుమేరుకు బంధుభాష ఏదీ నిర్ధారణ కాలేదు. కాబట్టి ఈ పోలికను చుట్టరికంగా చూపరాదు.

మూడవది ఆరంభవాక్యం. “అనగనగా ఒక ఊళ్ళో” అంటే పేదరాశి పెద్దమ్మ కథ అవుతుంది. సుమేరు కథలకు ఊరి పేరుంది, గుడి పేరుంది. “నిప్పుర్ అనే ఊళ్ళో, ఎకూర్ అనే గుళ్ళో” అని మొదలుపెడితే కథ కథగానే ఉంటూ మతం ఒక నేల మీద నిలబడుతుంది.

6. కఠినఘట్టాలు:

దేవతలు తమ చాకిరీ తప్పించుకోవడానికి మనుషులను పుట్టించారని బాలల పుస్తకాలు ఒక్క వాక్యంలో చెబుతాయి. ‘ఎన్కి–నిన్మహ్’ కృతి ఆరంభం అదే. అయితే దాని రెండవభాగాన్ని వదిలేయడం పెద్దనష్టం. నిన్మహ్ శరీరలోపాలున్న మనుషులను చేసి, వారి గతి ఏమిటో చెప్పమని ఎన్కికి పందెం విసురుతుంది. చేతులు వంచలేనివానికి రాజసేవనూ, చూపు లేనివానికి సంగీతాన్నీ ఎన్కి కేటాయిస్తాడు. ప్రతి ఒక్కరికీ బతుకుతెరువు చూపుతాడు. ఈ భాగంతో కలిపి చదివితే, మనుషులు దేవతల బానిసలన్న ఏకవాక్యసారాంశం నిలవదు. ఇందులో దేవతల ఆటకు మనుషులు వస్తువులయ్యారన్న అభ్యంతరం పిల్లల నుండే రావచ్చు. దానిని అణచకుండా చర్చించనివ్వాలి.

‘ఇనన్న అవరోహణం’లో ఏడు వాకిళ్ళు, ఒక్కొక్క వాకిట ఒక్కొక్క అలంకారం తీసివేత, మళ్ళీమళ్ళీ వచ్చే అదే ప్రశ్న, అదే జవాబు. తరగతి అంతా గొంతు కలపగల కథ ఇది. మేకుకు వేలాడే శవం దగ్గర ఉపాధ్యాయులు వెనుకాడతారు. “ఇనన్న చనిపోయింది” అని చెబితే సరిపోతుంది. కానీ తరవాతి ఘట్టాన్ని వదలరాదు. ఎన్కి తన గోటికింది మట్టితో చేసిన రెండు చిన్నజీవులు పాతాళానికి వెళతాయి. అక్కడ నొప్పితో మూలిగే రాణి ఎరెష్కిగల్ పక్కన చేరి, ఆమె మూలిగినప్పుడల్లా తామూ మూలుగుతాయి. తన బాధను పంచుకున్నందుకు మెత్తబడిన ఆమె వరమిస్తుంది. అవి ఆ శవాన్ని కోరుకుంటాయి. కత్తి లేకుండా, యుద్ధం లేకుండా, ఎదుటివారి నొప్పిని వినడం ద్వారా మరణం కరిగిన ఈ ఘట్టం పిల్లలకు అక్కరలేదని తీసివేస్తే మిగిలేది వాకిళ్ళ లెక్క మాత్రమే.

7. ముగింపు:

1. సుమేరు మతాన్ని దేవతల జాబితాగా కాక, ఊరు–గుడి–కథ అనే వరుసలో బోధించడం మూలాలకు దగ్గరగా ఉంటుంది.

2. గిల్గమేష్ అనుసరణలను వాడవచ్చు. అవి ప్రధానంగా అక్కదు ఇతిహాసం నుండి వచ్చినవని చెప్పి వాడాలి.

3. ప్రాచీన బడుల్లో వాడిన కృతులు, ముఖ్యంగా పారపాట, ఈనాటి ప్రాథమిక తరగతికీ తగినవి.

4. ‘అట’తో నడిచే తెలుగు కథనం పరాయిమతాన్ని వెక్కిరించకుండా, మనదిగా కలుపుకోకుండా చెప్పడానికి అనువైన సాధనం.

అనేక సుమేరు కృతులు నిసబకు స్తుతితో ముగుస్తాయి. ఆమె ధాన్యానికీ రాతకూ దేవత. ఫలకం మీద ఆ చివరిపంక్తిని రాసిన పిల్లవానికి సుమేరు ఇంటిభాష కాదు. అయినా రాశాడు, ఆ రాత మిగిలింది. “ఆ దేవుళ్ళు ఇప్పుడేమయ్యారు?” అని అడిగిన పిల్లకు ఈ సంగతి చెప్పవచ్చు. వారికి ఇప్పుడు గుళ్ళు లేవు, పూజలు లేవు. నీ ఈడుపిల్లలు బడిలో రాసుకున్న పాఠాల్లో వారి కథలు ఉన్నాయి. ఇందులో అబద్ధం లేదు, అవమానమూ లేదు.