‘కెర్నల్ పాతది’ అను తీర్పు ఎంతవరకు న్యాయము?

ఐనవిల్లి చేలకు గోదావరి నీరు తిన్నగా రాదు. ధవళేశ్వరమునుండి కాలువలోనికి, కాలువనుండి తూముగుండా బోదెలోనికి, బోదెనుండి చేనికి వచ్చును. కంప్యూటరులోని ప్రోగ్రాము కూడ యంత్రమును తిన్నగా తాకదు. ఫైలు తెరువవలెనన్నను, తెరపై ఒక అక్షరము చూపవలెనన్నను కెర్నల్‌ను అడుగవలసినదే. పెక్కు లినక్స్ వ్యవస్థలలో ఈ పనికి తూమువంటిది గ్నూ సి లైబ్రరీ. వాడుకలో దీనిని గ్లిబ్‌సీ అందురు.

ఈ లైబ్రరీని మూలప్రతినుండి స్వయముగా నిర్మింపబూనిన విద్యార్థి కెర్నల్ వెర్షనువద్ద ఆగిపోవుట కలదు. లోపము విద్యార్థిదేనా, లైబ్రరీ దానిని తెలుపు తీరులో కూడ ఉన్నదా అనునది విచారింపదగిన ప్రశ్న.

ఇచట కెర్నల్ వెర్షను ఒకటి కాదు, మూడు. మొదటిది నిర్మాణసమయమున చదువబడు హెడర్ ఫైళ్ల వెర్షను. ఇది తూమును కట్టుటకు ముందుంచుకొన్న నకషా వంటిది. రెండవది ‘కాలువలో నీరు ఇంతకు తగ్గదు’ అని పెట్టుకొన్న కనీస మట్టము. మూడవది నేడు కాలువలో నిజముగా పారుచున్న మట్టము, అనగా నడుచుచున్న కెర్నల్ వెర్షను. నకషా కొత్తదైనను బాధ లేదు. నేటి మట్టము కనీస మట్టమునకు తగ్గినప్పుడే చిక్కు. 2017లో వచ్చిన గ్లిబ్‌సీ 2.26నుండి ఆ కనీసము లినక్స్ 3.2.

గ్లిబ్‌సీ సూచనపుస్తకమునందు ఒక గుణమున్నది. హెడర్లు నడుచుచున్న కెర్నల్‌వే కానక్కరలేదని అది స్పష్టముగా చెప్పును. కాని హెడర్ల సంగతి ఒకచోట, కనీస వెర్షను సంగతి వేరొకచోట ఉండుటచే రెంటికిగల భేదము కొత్తవానికి బోధపడదు.

అంతకు మించిన లోపము దోషసందేశమునది. గ్లిబ్‌సీ చాలకాలము ‘కెర్నల్ మరీ పాతది’ అని మాత్రమే చెప్పి ప్రోగ్రామును ఆపివేసెడిది. ఉన్న వెర్షను ఎంత, కావలసినది ఎంత అని చెప్పెడిది కాదు. ఇది థర్మామీటరు చూచి అంకె చెప్పక ‘జ్వరము’ అని వెడలిపోయిన వైద్యుని తీరు.

అసలు వెర్షను సంఖ్యను ఎంతవరకు నమ్మవచ్చును? దశాంశములుగా చూచినచో 3.10 కంటె 3.2 పెద్దది, వెర్షనులుగా చూచినచో 3.10 పెద్దది. లినక్స్ ఈ మూడంకెలను ఒకే సంఖ్యగా మార్చుటకు మొదటిదానిని 65536చేత, రెండవదానిని 256చేత గుణించి, మూడవదానిని కలుపును. 2021లో 4.4 శ్రేణి 4.4.256కు చేరినపుడు ఆ లెక్క 263424 అగుచుండెను. 4.5.0కు కూడ సరిగా అంతే! అందుచేత మూడవ అంకెను లెక్కలో 255వద్ద నిలుపవలసివచ్చెను. విద్యార్థులు స్వయముగా గుణించి చూడవచ్చును.

పైగా కొన్ని సంస్థలు కెర్నల్‌కు పాత సంఖ్యనే ఉంచి కొత్త సౌకర్యములను చేర్చును. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 తన 3.10 కెర్నల్‌కు చేసినది ఇదే. సంఖ్య పేరు మాత్రమే. శక్తికి కొలత కాదు. గ్లిబ్‌సీ కర్తలు 2022లో ప్రోగ్రాము ఆరంభమున జరుగు ఈ తనిఖీనే తొలగించుట సమంజసము. కాని అంతకుముందటి లైబ్రరీలు నేటికిని వాడుకలో ఉన్నవి.

కావున ఆటంకము ఏ దశలో వచ్చెనో మొదట గుర్తింపవలెను. నిర్మాణమునకు ముందరి పరీక్షలోనే ఆగినచో హెడర్లను చూడవలెను. నిర్మాణము ముగిసి, ప్రోగ్రాము నడుపునపుడు ఆగినచో కనీస వెర్షనును, నడుచుచున్న కెర్నల్‌ను పోల్చవలెను. కంటెయినరులో నడుపుచున్నచో లైబ్రరీ కంటెయినరుది, కెర్నల్ మాత్రము అసలు యంత్రముది అని మరువరాదు.

అన్నిటికంటె ముఖ్యము: కొత్తగా నిర్మించిన లైబ్రరీని వ్యవస్థ వాడుచున్న లైబ్రరీపై ఎన్నడును కప్పరాదు. అది సరిపడనిచో ఫైళ్ల పట్టికను చూపు చిన్న ఆజ్ఞ సయితము పనిచేయదు. దిద్దుబాటుకు కావలసిన పనిముట్లు కూడ దానితోనే పడిపోవును. వేరొక డైరెక్టరీలో నిలిపి పరీక్షించుట క్షేమము.

‘పాతది’ అను ఒక్క మాట విని బాగుగా పనిచేయుచున్న బడి కంప్యూటరును మూలకు నెట్టిన పక్షమున నష్టపోవువారు పిల్లలు. తీర్పు చెప్పు యంత్రము కారణమును కూడ చెప్పవలెను. చెప్పనప్పుడు అడిగి తెలిసికొను నేర్పును విద్యార్థికి అలవరచుట ఉపాధ్యాయుని పని.