తంగేడు గింజ దాచే చేతులు

హైదరాబాద్ అంబర్‌పేటలోని బతుకమ్మ కుంటలో మళ్లీ నీళ్లున్నాయి. మట్టి, చెత్త కింద పూడిపోయిన కుంటను ప్రభుత్వ సంస్థ హైడ్రా తవ్వించింది. 2025 సెప్టెంబరులో, సరిగ్గా బతుకమ్మ రోజుల్లోనే అది జనానికి తిరిగి దక్కింది. ఒకప్పుడు 14 ఎకరాలు దాటిన కుంటలో మిగిలింది ఐదెకరాల చిల్లరే.

నీళ్లొచ్చాయి సరే, పూల సంగతేమిటి? నగరంలో బతుకమ్మకు పేర్చే తంగేడు చాలావరకు ఊళ్ల నుంచి వచ్చి బజారులో అమ్ముడయ్యేదే. తెలంగాణ రాష్ట్ర పుష్పాన్ని ఇలా కొనుక్కోవాల్సి రావడం బాధగానే ఉంటుంది. గులకరాళ్ల నేలలో ఎవరూ నీళ్లు పోయకపోయినా బతికే పొద అది. దాని పసుపు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి కేసరాల కొనన సన్నటి రంధ్రాల వెనక దాగి ఉంటుంది. నల్ల తుమ్మెద పువ్వును కరుచుకుని ఝుమ్మని ఒళ్లు అదిరిస్తే తప్ప రాలదు. తంగేడు లేని కుంట గట్టు మీద ఆ తుమ్మెదకు పనేముంది?

మొక్కలు నాటే హరితహారం పథకం రోజుల్లో రోడ్ల పక్కన, డివైడర్లలో కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను విరివిగా నాటారు. త్వరగా ఎదుగుతుంది, ఏడాదంతా పచ్చగా కనిపిస్తుంది. కానీ గుజరాత్ 2023లో దాన్ని నాటడాన్నే నిషేధించింది. అయినా నాటిన మొక్కల లెక్కే ముఖ్యమైన చోట ఇలా త్వరగా ఎదిగేదే ముందుకొస్తుంది.

దేశవాళీ మొక్కల పని నర్సరీ కన్నా ముందే, గింజ ఏరడంతో మొదలవుతుంది. ఒక్కో గింజది ఒక్కో తీరు. ఇప్ప గింజ రాలిన కొద్ది వారాల్లోనే మట్టిలో పడాలి, దాస్తే మొలవదు. రేల, తంగేడు గింజల తొక్క మహా గట్టిది. వేడినీళ్లలో నానబెట్టో, గరుకు రాయి మీద కాస్త రుద్దో వేయాలి. ఒకే చెట్టు గింజలతో వనమంతా పెంచితే ఒక తెగులుకే అంతా పోవచ్చు, అందుకే పది చోట్ల ఏరాలి. చిన్న పాలిథిన్ సంచిలో ఎక్కువ కాలం ఉంచితే తల్లివేరు చుట్టలు చుట్టుకుపోతుంది. ఏ నేలలో ఏ మొక్క ఉండేదో తెలియాలంటే, తార్నాక పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంలో ఎండు నమూనాలు దాచిన హెర్బేరియం ఉంది. కుంట గట్టు మీద ఏం నాటాలో నిర్ణయించే ముందు అధికారులు అక్కడికి ఒకసారి వెళ్లాలి.

ఈసారి పండగకు తంగేడు కోసేటప్పుడు ప్రతి పొదకూ కొన్ని పూల కొమ్మలు వదిలేయండి. కాయలు ఎండాక గింజలు ఏరి కాగితం సంచిలో దాచండి. తొలకరికి కుంట గట్టున, నీరు నిలవని చోట వేయండి.