3.4 క్షమకు వెల ఎవరు చెల్లిస్తారు? - ‘తప్పిపోయిన కుమారుడు’ ఉపమానంపై విమర్శ

అరిస్టాటిల్ విషాదనాయకుడి పొరపాటుకు వాడిన గ్రీకు పదం ‘హమార్తియా’. కొత్త నిబంధనలో పాపం అనే అర్థంలో కనిపించేదీ ఆ పదమే. గురి తప్పడం దాని మూలార్థం. అయితే క్రైస్తవ దృష్టిలో పాపం పొరపాటు మాత్రమే కాదు, దేవుడితో సంబంధం తెంచుకోవడం. లూకా సువార్త 15వ అధ్యాయంలోని ఉపమానం ఆధారంగా దీనిని పరిశీలిద్దాం.

చిన్నకొడుకు తండ్రి బతికుండగానే ఆస్తిలో వాటా తీసుకొని, దూరదేశంలో దానిని పాడుచేస్తాడు. కరవు వచ్చి పందులు మేపే పనికి కుదురుతాడు. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం పంది అపవిత్రం. కాబట్టి అతడు ఎంతగా దిగజారాడో ఆనాటి శ్రోతలకు ఈ ఒక్క వివరంతో అర్థమవుతుంది.

ఇక్కడ కథనిర్మాణాన్ని గమనించండి. బయలుదేరే ముందు అతడు మూడు మాటలు సిద్ధం చేసుకుంటాడు: పాపం చేశాను, కొడుకుననిపించుకునే అర్హత లేదు, కూలివాడిగా పెట్టుకో. అతడు నోరు తెరవకముందే తండ్రి పరుగెత్తుకొచ్చి కౌగిలించుకుంటాడు. మొదటి రెండు మాటలు అయ్యేసరికే వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మంటాడు. కూలి చేసి రుణం తీర్చుకునే అవకాశమే ఇవ్వడు. పశ్చాత్తాపం అవసరమే కాని, అది క్షమకు కట్టే వెల కాదన్నమాట.

మరి పెద్దకొడుకు? ఇన్నేళ్ళు చాకిరీ చేసిన తనకు మేకపిల్లనైనా ఇవ్వలేదని అతడు నిలదీస్తాడు. తమ్ముణ్ణి ‘నీ కొడుకు’ అంటాడు. తండ్రి ‘నీ తమ్ముడు’ అని సరిదిద్దుతాడు. పెద్దకొడుకును అసూయాపరుడని కొట్టిపారేయడం తొందరపాటు. తనకున్నదంతా అతడిదేనని తండ్రే ఒప్పుకుంటాడు. అంటే విందు ఖర్చు అతడి వాటాలోంచే. తప్పు చేయనివాడు భారం మోయకుండా క్షమ పూర్తికాదు. ఆ భారాన్ని క్రీస్తు సిలువపై మోశాడని క్రైస్తవ సిద్ధాంతం చెబుతుంది. ఈ కథలో సిలువ లేదు, కాని ఆ ప్రశ్న ఉంది.

పెద్దకొడుకు లోపలికి వెళ్ళాడో లేదో లూకా చెప్పడు. పాపులతో కలిసి భోంచేస్తున్నాడని యేసుపై సణిగిన పరిసయ్యులకు, శాస్త్రులకు చెప్పిన కథ ఇది. ముగింపు వారికే వదిలేయడం లోపం కాదు, కథకు ప్రాణం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

మీరు పెద్దకొడుకు స్థానంలో ఉంటే విందుకు వెళ్తారా? క్షమకూ న్యాయానికీ ఉన్న సంబంధాన్ని దృష్టిలో ఉంచుకొని పది వాక్యాల్లో రాయండి.