గురిగిని పరిశీలించడం: చేతి గుర్తు, నిప్పు గుర్తు, లోపం

శిల్పాన్ని, చిత్రాన్ని ఎలా పరిశీలించాలో చెప్పే పుస్తకాలు మీకు దొరుకుతాయి. అంగడిలో కొనే మట్టిపాత్రను గురించి అలా చెప్పేవి తక్కువ. అందుకే ఈ భాగానికి గురిగిని ఉదాహరణగా తీసుకుందాం. గురిగి అంటే అరచేతిలో ఇమిడే చిన్న కుండ.

ముందుగా నా పొరపాటు ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట పెద్దపల్లి అంగడిలో గురుగులు ఏరుతూ, నల్లమచ్చ ఉన్నవాటిని పక్కకు నెట్టి, ఎర్రగా ఉన్నవే తీసుకుంటున్నాను. అమ్ముతున్న అవ్వ నన్ను ఆపింది. "రంగు జూసి కాదు సారూ, మోగిచ్చి సూసి తీస్కోండ్రి" అన్నది. నేను ఏరినవాటిలో ఒకదాన్ని వేలితో కొట్టింది. బొంగురు చప్పుడు వచ్చింది. అడుగున సన్నని పగులు ఉంది. దాన్ని తనే పక్కన పడేసి, నేను వద్దన్న నల్లమచ్చ గురిగిని కొట్టింది. అది ఖంగుమన్నది. కళను గురించి పాఠాలు చెప్పిన నేను కంటితో తప్పు చూశాను. ఆమె చెవితో సరిగా చూసింది.

ఇప్పుడు గురిగిని చేతిలోకి తీసుకోండి. లోపల వేలు పెడితే సన్నని గాళ్లు తగులుతాయి. తిరిగే సారె మీద మట్టిని పైకి లాగిన వేళ్ల జాడలవి. అడుగున వంపు గీతలు కనిపిస్తే, దారంతో ముద్ద నుంచి కోసి వేరుచేశారని అర్థం. ఇవి చేతి గుర్తులు.

మచ్చలు నిప్పు గుర్తులు. కట్టెలు, పిడకలు, గడ్డి పేర్చి కాల్చే ఆవంలో వేడి సాధారణంగా 600 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. గాలి బాగా తగిలిన చోట మట్టిలోని ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఎరుపెక్కుతుంది. గాలి అందని చోట పొగ, మసి పట్టి నల్లబడుతుంది. తెలంగాణలోని బృహత్‌శిలా సమాధుల్లో దొరికిన నలుపు-ఎరుపు పాత్రల్లో ఈ రెండు రంగులను కావాలనే సాధించారు. కాబట్టి నలుపును చూడగానే లోపం అనుకోకూడదు.

అయితే ప్రతి వంకరనూ అందమని పొగడాలా? జపాన్‌లో యనగి సోయెత్సు, ఆయన మిత్రులు 1925లో 'మింగేయి' అనే మాటను రూపొందించి, పేరు తెలియని పనివారు రోజువారీ వాడకానికి చేసిన వస్తువుల అందాన్ని చూడమన్నారు. ఆ చూపు మనకూ అవసరమే. కాని అది జాలితో కూడిన మెచ్చుకోలుగా మారితే విమర్శ కాదు. నీళ్లు కారే పగులు, నిలకడగా కూర్చోని అడుగు, తడికి మెత్తబడే పచ్చికాలుడు: ఇవి లోపాలే. అవ్వ పక్కన పడేసినదాన్ని మనం నెత్తిన పెట్టుకుంటే ఆమె నేర్పును కించపరిచినట్టే.

పెద్దపల్లికి దగ్గరలోని పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహన కాలపు బావులు బయటపడ్డాయి. వాటిలో కాల్చిన మట్టి ఒరలతో కట్టినవీ ఉన్నాయి. ఒర మీద ఒర కుదురుగా కూర్చోవాలంటే కొలత తప్పకూడదు. అంటే ఈ నేల మీద మట్టిపనికి కచ్చితత్వం కొత్త కాదు. బావి ఒరకు కొలత కావాలి. గురిగికి నిలకడ, మంచి కాలుడు, పట్టుకు అనువైన మూతి చాలు. రెండు గురుగులు అచ్చు ఒకేలా ఉండనక్కరలేదు. వస్తువు చేసే పనిని బట్టే దాని గుణాన్ని నిర్ణయించాలన్నది ఈ భాగంలో మీరు గ్రహించవలసిన సూత్రం.

అభ్యాసం: మీ ఇంట్లోని ప్రమిదనో, గురిగినో, రంజన్‌నో తీసుకొని ఈ ప్రశ్నలకు సమాధానాలు రాయండి.

1. చేతి గుర్తులు ఎక్కడ ఉన్నాయి?
2. నిప్పు ఏ వైపు నుంచి ఎలా తగిలింది?
3. వేలితో కొడితే ఎలా మోగుతుంది?
4. ఉన్న వంకర దాని పనికి అడ్డు వస్తుందా?

నాలుగో ప్రశ్నకు సమాధానం దొరికేదాకా మంచిదనీ చెడ్డదనీ తీర్పు చెప్పకండి. ఈసారి అంగడిలో బేరం ఆడేటప్పుడు కూడా ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి.