ఆంగ్లమున 'మర్మర్' శబ్దము

అనుకరణశబ్దములకు ధ్వనియే యర్థమనియు, కావున వాని యనువాదము సులభమనియు తలఁచువారు పెక్కండ్రు గలరు. ఆంగ్లమునందలి 'మర్మర్' పదమును పరిశీలించినచో నీ తలఁపు నిలువదు.

ఈ పదము లాటినునుండి ఫ్రెంచిద్వారమున నాంగ్లముఁ జేరినది. సంస్కృతమందలి మర్మరశబ్దము దీనికి సజాతీయమని భాషాతత్త్వవేత్తలు చెప్పుదురు. అయినను లాటినులో నిది తేనెటీఁగల రొదకేకాక యుఱుమునకును సముద్రఘోషకును జెల్లినది. అమరసింహుఁడో మర్మరమును వస్త్రపర్ణముల సవ్వడికే నియమించెను. రఘువంశ చతుర్థసర్గమున భూర్జతరువులలో వీచుగాలి యట్టిదే. ఒకే యనుకరణ మొకచో నుఱుమును, వేఱొకచో నాకులసడిని దెలుపుచుండఁగా ధ్వని యర్థమును శాసించుట యెక్కడిది? పాణిని వీనిని అవ్యక్తానుకరణములనెను. అవ్యక్తమగు ధ్వనికి వర్ణములు కల్పించువాఁడు వక్తయే కదా. కాకశబ్దము శబ్దానుకృతియని చెప్పిన యాస్కుఁడు, అనుకృతియే లేదను నౌపమన్యవుని మతమునుగూడఁ జూపెను. ఆ మతము నవ్వి త్రోసివేయఁదగినది కాదు.

ఆంగ్లమున 14వ శతాబ్ది చివర చాసరు కావ్యములయందే యీ పదము ప్రజల యసంతృప్తిని దెలుపును. 1611 నాఁటి బైబిలులో నిశ్రాయేలీయులు మోషేపైఁ జేసినది యిదియే. తెలుఁగు బైబిలున నిచట 'సణుగు' ధాతువు వాడఁబడినది; ఇంతకంటె మంచి మాట దొరకదు. వైద్యులు గుండెలోని వికృతధ్వనికి నీ పేరే పెట్టిరి.

ఇఁక చిక్కు సెలయేటికడ. షేక్స్‌పియరు ఒథెల్లో నాటకము 4వ యంకమున డెస్డిమోనా పాడు పాటలో, చెట్టునీడఁ గూర్చుండి విలపించు నభాగ్యురాలి మూలుగులను ప్రక్కనున్న సెలయేళ్లు 'మర్మర్' చేయును. ఇందు క్రియ సకర్మకము. మూలుగులే దానికి కర్మము. ఏఱనఁగానే తెలుఁగువాని నోట 'గలగల' వచ్చును. కాని గలగల గాజులది, నవ్వులది, పైఁగా నకర్మకము. ఆ మాట వేసినచో నేఱు దుఃఖితురాలి ప్రక్కను నవ్వుచుఁ బాఱును! 'మర్మరధ్వని' యన్నచో నాకులు రాలునుగాని నీరు పాఱదు. 'సణుగు' కోపము నెత్తికొని వచ్చును. 'గొణుగు' ఒక్కటి కర్మమును గ్రహింపఁగలదు: ఆమె మూలుగులనే సెలయేళ్లు తామును గొణిగినవనుట వ్యాకరణమునకుఁ జెల్లును, భావమునకును దగ్గఱ. గొణుగుటలో జాలి కొంత తక్కువ. ఆ కొఱఁత 'తామును' అను మాటవలనఁ గొంత తీఱును.