బొమ్మ పోయిన బాలగేయం: సచిత్ర ప్రతుల సేకరణ గురించి

పాత కావ్యాల తొలి ముద్రణలకోసం వెతికేవారున్నారు. పత్రికల తొలి సంచికలను దాచేవారున్నారు. పిల్లల గేయాల పుస్తకాన్ని మాత్రం దాచవలసిన పుస్తకంగా లెక్కించినవారు తక్కువ. అది చదువుకున్నవాళ్ళ చేతుల్లోనే చిరుగుతుంది. రంగు పెన్సిళ్ళ గీతలు పడి, అట్ట ఊడి, చివరకు పాత కాగితాలవాడి తక్కెడలోకి చేరుతుంది. అందువల్లనే అది అరుదు. ఐతే అరుదైనదల్లా విలువైనది కాదు. సచిత్ర ప్రతిని ఎందుకు సేకరించాలన్న ప్రశ్నకు వ్యాపారి చెప్పే సమాధానం ఒకటి, సాహిత్య విద్యార్థి చెప్పవలసిన సమాధానం మరొకటి. మా ఉద్దేశంలో బొమ్మ గేయానికి ఒక వ్యాఖ్యానం. చిత్రకారుడు మారితే వ్యాఖ్యానం మారుతుంది. మనం సేకరించవలసింది ఆ వ్యాఖ్యానాలను.

ఇందుకు ఇంగ్లీషులో మంచి ఉదాహరణ ఉంది. స్టీవెన్‌సన్ రాసిన 'ఎ చైల్డ్స్ గార్డెన్ ఆఫ్ వర్సెస్' 1885లో వెలువడినప్పుడు అందులో బొమ్మలు లేవు. కవి 1894లో మరణించాడు. ఆ తరువాత చార్లెస్ రాబిన్‌సన్ రేఖాచిత్రాలతో 1896 నాటి ప్రతి, జెస్సీ విల్‌కాక్స్ స్మిత్ రంగుల బొమ్మలతో 1905 నాటి ప్రతి వచ్చాయి. జబ్బుపడి మంచంలో ఉన్న పిల్లవాడు దుప్పటి ముడతలనే కొండలుగా, లోయలుగా భావించి, వాటిమీద సీసపు సైనికులను నడిపించే గేయం అందులో ఒకటి. ఆ గేయంలో పిల్లవాడు తన్ను తాను ఒక మహాకాయుడిగా ఊహించుకుంటాడు. స్మిత్ బొమ్మలో మనకు కనిపించేది దిండుకు ఆనుకుని కూర్చున్న ముద్దులొలికే బాలుడు. బొమ్మ చక్కగానే ఉంది. కాని గేయం 'నేను' అన్నచోట బొమ్మ 'వాడు' అంటోంది. పిల్లవాడి చూపు పోయి, గుమ్మంలో నిలుచున్న తల్లి చూపు వచ్చింది. బొమ్మలేని 1885 ప్రతి చదివినవారికి ఈ మార్పు లేదు. కనుక ఈ మూడు ప్రతులూ ఒకే పుస్తకం కావు. ధర ఎక్కువ పలికే ప్రతి ఒక్కటి సంపాదించి తృప్తిపడినవాడికి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు.

కవే చిత్రకారుడైనప్పుడు బంధం మరింత బిగుస్తుంది. బెంగాలీలో సుకుమార్ రాయ్ 'ఆబోల్ తాబోల్' అటువంటిది. తండ్రి ఉపేంద్రకిశోర్ హాఫ్‌టోన్ ముద్రణలో పరిశోధన చేసినవాడు. సుకుమార్ 1911-13 మధ్య ఇంగ్లండులో ముద్రణకళ అభ్యసించాడు. ఈ పుస్తకం 1923 సెప్టెంబరులో, ఆయన కన్నుమూసిన కొద్దిరోజులకే, కుటుంబపు అచ్చుకూటమైన యు.రాయ్ అండ్ సన్స్ నుంచి వెలువడింది. 'ఖిచుడి' అనే గేయంలో రెండేసి జంతువులు అతుక్కుపోతాయి. 'హాతి' అంటే ఏనుగు, 'తిమి' అంటే తిమింగిలం; రెండూ కలిసి 'హాతిమి'. చెవికి పేరులో జరిగిన అతుకే కంటికి బొమ్మలో జరుగుతుంది. మనం దాన్ని 'ఏనుగింగిలం' అని తెనిగించుకోవచ్చు. కాని ఆ మాట నిలవాలంటే పక్కన ఆ బొమ్మ ఉండితీరాలి. బొమ్మ తీసేసి గేయం మాత్రం అచ్చువేస్తే మిగిలేది సగం హాస్యమే.

కథకు ఈ చిక్కు ఇంతగా లేదు. 'చందమామ' కథలు అంబులిమామగా తమిళానికి, చాందోబాగా మరాఠీకి, జహ్నమాముగా ఒడియాకు వెళ్ళినప్పుడు బొమ్మలు అవే ఉన్నాయి, అక్షరాలు మారాయి. ప్రవాసాంధ్రుల ఇళ్ళలో ఆ రూపంలోనే చదివినవారు చాలామంది. బాలగేయం అలా ప్రయాణం చేయలేదు. దాని లయ తెలుగులోనే ఉంటుంది. కాబట్టి దాన్ని కాపాడే బాధ్యత తెలుగువారిదే.

అందులోనూ బయట ఉన్న మనది మరికొంత ఎక్కువ. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల 'బాల' 1945లో మొదలైంది మద్రాసులో. బాపు, ముళ్ళపూడి వెంకటరమణ చిన్ననాడే అచ్చులో కనిపించింది ఆ పత్రికలోనే. పిల్లలకోసం పాటలు రాసిన గిడుగు వెంకట సీతాపతి జీవితం పర్లాకిమిడితో పెనవేసుకున్నది. ఆ ఊరు 1936లో ఒరిస్సాలో చేరింది. తెలుగు బాలసాహిత్యపు తొలి చిరునామాలు కొన్ని నేటి రెండు తెలుగు రాష్ట్రాల ఎల్లలకు ఆవలే ఉన్నాయి. పాత పుస్తకాలకు పేరుపడ్డ మద్రాసు మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. ఇక మిగిలినవి చెన్నై, బరంపురం, షోలాపూరు, బెంగుళూరు, యానాంలలోని పాత ట్రంకుపెట్టెలే.

మన భద్రపరిచే పద్ధతి కూడా లోపభూయిష్ఠమే. గ్రంథాలయ సూచికల్లో కవి పేరుంటుంది, చిత్రకారుడి పేరు తరచు ఉండదు. కొత్త బైండు వేసేటప్పుడు రంగుల అట్ట చింపి పారేస్తారు, అంచులతోపాటు బొమ్మ కొసలూ కోస్తారు. 2000 తరువాత పెద్దయెత్తున స్కాను చేసిన పుస్తకాలు అనేకం నలుపు తెలుపుల్లోనే నమోదయ్యాయి. వాటిలో అక్షరం బతికింది, రంగు చచ్చింది. ఇక కొందరు సేకర్తలు సంపాదించిన ప్రతిని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఎవరికీ చూపని ప్రతి ఉన్నా లేనట్టే.

కాబట్టి విద్యార్థులకు మేము చెప్పేది ఇది. బొమ్మలున్న చిరుగుల ప్రతినీ బొమ్మలు లేని శుభ్రమైన పునర్ముద్రణనూ ఎదురుగా పెడితే మొదటిదాన్నే తీసుకోండి. సెల్లోటేపు అంటించకండి, అది పసుపు మరక వదిలి కాగితాన్ని తినేస్తుంది. బొమ్మలు కోసి చట్రాలు కట్టించకండి. అట్టతో సహా ప్రతి పుటనూ రంగుల్లో ఫొటో తీసి తోటివారికి అందివ్వండి. కవి, చిత్రకారుడు, అచ్చుకూటం, సంవత్సరం, వెల రాసిపెట్టండి. బొమ్మ మూలన చిన్న సంతకం ఉంటే దాన్నీ గుర్తించండి. ఏ పిల్లవాడైనా ఏనుగుకు ఎర్రరంగు పూసి ఉంటే దాన్ని చెరపకండి. ఆ పుస్తకాన్ని వాడెలా చదివాడో చెప్పడానికి మిగిలిన సాక్ష్యం అదొక్కటే.